సరిచూశాను అనే సాక్ష్యం

అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురవాలని వేడుకుంటూ ఈ శుక్రవారపు ప్రసంగాన్ని ఆరంభిస్తున్నాను.

ప్రియమైన ధార్మిక సోదరులారా! ముందుగా నాకూ, తరువాత మీకూ దైవభీతిని గురించి హితవు చేస్తున్నాను. ఖుర్ఆన్‌లోని సూరా హష్ర్ 18వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను ఉద్దేశించి, ప్రతి వ్యక్తీ రేపటి కోసం తాను ఏమి పంపుకున్నాడో చూసుకోవాలని ఆజ్ఞాపించాడు. ఆ ఆయతులో దైవభీతి ప్రస్తావన రెండుసార్లు వస్తుంది. చూసుకోమనే ఆజ్ఞకు ముందు ఒకసారి, దాని తరువాత ఒకసారి. అంటే చూడడానికి పురికొల్పేది కూడా తఖ్వాయే, చూసినప్పుడు కనబడినదాన్ని దాచకుండా ఒప్పుకోనిచ్చేది కూడా తఖ్వాయే అని పండితులు వివరించవచ్చు. నేను మాత్రం ఈ రోజు ఆ ఆజ్ఞలోని ఒక్క మాట దగ్గర ఆగదలిచాను. తెలుసుకోండి అనలేదు, ఆశించండి అనలేదు. చూసుకోండి అన్నాడు. చూడడం అనేది ఒక బాధ్యత. ఆ బాధ్యతలో ఒక రాత్రి జరిగిన లోపం 70 మంది ప్రాణాలు ఎలా తీసిందో చెబుతాను.

ఇది 1996 అక్టోబరు 2న దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో జరిగింది. ఏరోపెరూ సంస్థకు చెందిన 603వ నంబరు విమానం, బోయింగ్ 757 రకానిది, రాజధాని లిమా నుండి చిలీ దేశపు శాంటియాగో నగరానికి బయలుదేరవలసి ఉంది. అందులో 61 మంది ప్రయాణికులు, 9 మంది సిబ్బంది. ప్రయాణానికి ముందు ఆ విమానాన్ని కడిగి, ముందుభాగపు లోహానికి మెరుగు పెట్టారు.

విమానం పక్కభాగాన కొన్ని చిన్న రంధ్రాలు ఉంటాయి. దూరం నుండి చూస్తే ఉన్నాయని కూడా తెలియదు. బయటి గాలి పీడనం వాటి ద్వారానే లోపలి పరికరాలకు అందుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది కనుక, ఆ తగ్గుదలను బట్టి విమానం ఎంత ఎత్తున ఉన్నదో పరికరం లెక్కగట్టి చెబుతుంది. వేగాన్ని చెప్పే లెక్కలోనూ అదే పీడనం ఉంటుంది. కడిగే నీరు ఆ రంధ్రాలలోకి పోకుండా ఒక కార్మికుడు వాటిపై టేపు అతికించాడు. అది మంచి ఉద్దేశంతో చేసిన పని, చేయవలసిన పని. పని ముగిశాక దాన్ని తీయడం మరచిపోయాడు.

అతని తరువాత ఆ విమానాన్ని చూడవలసినవారు ఇంకా ఉన్నారు. పని పూర్తయిందని పరీక్షించవలసిన పై ఉద్యోగి గమనించలేదు. విమానం ప్రయాణానికి సిద్ధమని ఒప్పగించినవారు గమనించలేదు. చివరివాడు పైలట్. ప్రతి ప్రయాణానికీ ముందు పైలట్లలో ఒకరు విమానం చుట్టూ కాలినడకన తిరిగి చక్రాలూ, రెక్కలూ, ఇంజన్లూ, ఈ రంధ్రాలూ కళ్లారా చూడవలసిన నియమం ఉంది. ఆ రాత్రి కూడా తిరిగి చూశారు. కాని టేపు వెండి రంగుది, విమానం ఒంటి మీది లోహమూ అదే రంగుది, చుట్టూ చీకటి. చూపు దాని మీదుగా వెళ్లింది, దాన్ని పట్టుకోలేదు.

అర్ధరాత్రి దాటిన 42 నిమిషాలకు విమానం లేచింది. లేచిన వెంటనే ఎత్తు చూపే పరికరాలు కదలడం లేదని పైలట్లు గుర్తించారు. ఆ తరువాత ఒక హెచ్చరిక తరువాత మరొకటి. వేగం మితిమీరిందని ఒక గంట మోగుతుంది, వేగం చాలక పడిపోబోతున్నావని మరొకటి కదిలిస్తుంది. రెండూ ఒకేసారి నిజం కాజాలవు. కింద పసిఫిక్ మహాసముద్రం. దీపం లేదు, తీరం కనబడదు. వారు అత్యవసర పరిస్థితిని ప్రకటించి, తమ ఎత్తు ఎంతో చెప్పమని నేల మీది నియంత్రణ కేంద్రాన్ని అడిగారు. 9,700 అడుగులు అని సమాధానం వచ్చింది. విమానంలోని పరికరమూ అదే చూపుతున్నది. రెండు సాక్ష్యాలు కలిశాయి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

అయితే నేల మీది అధికారికి ఆ అంకె ఎక్కడినుండి వచ్చింది? ఆ విమానం నుండే. విమానంలోని యంత్రం తన ఎత్తును తానే లెక్కగట్టి కిందికి పంపుతుంది, తెర మీద కనబడేది అదే. టేపు కింద మూసుకుపోయిన రంధ్రం చెప్పిన తప్పుడు లెక్కే కిందికి వెళ్లి, మరో మనిషి గొంతుతో తిరిగి పైలట్ల చెవిని చేరింది. నేల దగ్గరపడుతున్నదని హెచ్చరించే పరికరం ఒకటి ఆ రంధ్రాల మీద ఆధారపడనిది. అది నిజమే చెబుతూ ఉంది. కాని అన్ని గంటలూ ఒకేసారి మోగుతున్నప్పుడు ఏది నిజమో వారు తేల్చుకోలేకపోయారు. 9,700 అడుగుల ఎత్తున ఉన్నామని పరికరం చూపుతుండగానే ఎడమ రెక్క సముద్రపు నీటిని తాకింది. లేచిన అరగంట లోపే అంతా ముగిసింది. 70 మందిలో ఒక్కరూ మిగలలేదు.

సోదరులారా! ఈ వృత్తాంతాన్ని మొదటిసారి చదివినప్పుడు నేను ఆ అంకె దగ్గరే ఆగిపోయాను. మనిషి తన స్థితి ఎలా ఉన్నదని తన నఫ్స్‌నే అడిగితే వచ్చే జవాబు ఇలాగే ఉంటుంది. నేను బాగానే ఉన్నానా అని అడుగుతాడు. బాగానే ఉన్నావని లోపలి నుండి జవాబు వస్తుంది. స్నేహితులను అడుగుతాడు. ఆ స్నేహితులకు అతని గురించి తెలిసినదంతా అతను చెప్పుకున్నదే. వారు కూడా బాగున్నావనే అంటారు. మూసుకుపోయింది ఎక్కడో ఒక చిన్న చోట. సూరా ముతఫ్ఫిఫీన్ 14వ ఆయతులో, మనుషులు చేసుకున్న పనులే వారి హృదయాలపై తుప్పులా పేరుకున్నాయని అల్లాహ్ తెలిపాడు. ఆ సూరా తూనికలూ కొలతలూ తగ్గించేవారి ప్రస్తావనతో మొదలవుతుందని మరువకండి. కొలత చెడడం, హృదయం చెడడం ఒకే సూరాలో ఉన్నాయి.

ఇప్పుడు వుజూ విషయానికి వస్తాను. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఒక వ్యక్తి వుజూ చేశాడు. అతని పాదం మీద గోరంత చోటు తడవకుండా మిగిలిపోయింది. దైవప్రవక్త (స) అది చూసి, తిరిగి వెళ్లి వుజూ చక్కగా చేసుకురమ్మని అతన్ని పంపారు. అతను ముఖం కడిగాడు, చేతులు కడిగాడు, తల తుడిచాడు, పాదాలూ కడిగాడు. తడవనిది గోరంత. మనమైతే, పోనీలే, మనసు మంచిది అనేవాళ్లం. ప్రవక్త (స) అలా అనలేదు. ఎందుకంటే మనసు మంచిది కావడం వేరు, నీరు అందడం వేరు. ఆ పెరూ కార్మికుని మనసు కూడా మంచిదే అయి ఉండవచ్చు. గాలి మాత్రం పరికరానికి అందలేదు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. మరచిపోయినవాడిని అల్లాహ్ పట్టడు కదా అని మీరు అడుగుతారు. నిజమే. పొరపాటునూ, మరుపునూ, బలవంతాన చేయించబడినదానినీ ఈ సముదాయం విషయంలో అల్లాహ్ క్షమించాడని ఇబ్నె మాజాలో హదీసు ఉంది. పొరబడినందుకు దోషం లేదని, హృదయాలు ఉద్దేశించినదానికే పట్టు ఉందని సూరా అహ్‌జాబ్ 5వ ఆయతు తెలుపుతుంది. అదే ఖుర్ఆన్‌లోని సూరా నిసా 92వ ఆయతును కూడా చదవండి. పొరపాటున ఒక విశ్వాసి ప్రాణం తీసినవాడు మృతుని కుటుంబానికి రక్తపరిహారం చెల్లించాలి, వారు మాఫీ చేస్తే తప్ప. దానితోపాటు ప్రాయశ్చిత్తం ఉంది. బానిసకు విముక్తి, అది సాధ్యపడనివాడికి వరుసగా రెండు నెలల ఉపవాసాలు. ఉద్దేశం లేదని అల్లాహ్‌కు తెలుసు. అయినా పరిహారం రద్దు కాలేదు. అందుకే మన ధర్మశాస్త్రవేత్తలు పాపమూ పూచీ రెండూ వేరని చెప్పారు. మరుపు వల్ల పాపభారం తొలగవచ్చు, ఎదుటివాడికి జరిగిన నష్టపు పూచీ తొలగదు. వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన హానికి జవాబుదారి అని అబూ దావూద్‌లో ఉన్న హదీసు కూడా ఇదే దారిలో ఉంది.

మరొక మాట. మరచిపోవడం వేరు, చూడకుండానే చూశానని సంతకం పెట్టడం వేరు. రెండవదాన్ని మరుపు అనకూడదు. సరిచూశాను అని రాయడం ఒక సాక్ష్యం. ఆ కాగితాన్ని నమ్మి తరువాతివాడు ముందుకు పోతాడు. తెలియనిదాని వెంట పోవద్దని, చెవీ కన్నూ హృదయమూ అన్నింటినీ ప్రశ్నించడం జరుగుతుందని సూరా బనీ ఇస్రాయీల్ 36వ ఆయతు సారాంశం. కన్నును ప్రశ్నించడం అంటే చూడకూడనిది చూసినందుకే అనుకుంటాము. చూడవలసినది చూడనందుకు కూడా కావచ్చు గదా!

పెరూలో న్యాయస్థానం ఆ కార్మికుణ్ణి దోషిగా నిర్ణయించింది. దర్యాప్తు నివేదిక మాత్రం ఒక్క అతని దగ్గరే ఆగలేదు. పరీక్షించవలసినవారి లోపాన్నీ, పైలట్ గమనించకపోవడాన్నీ చెప్పింది. ఆ పైలట్ కూడా ఆ రాత్రి ప్రాణం పోగొట్టుకున్నాడు. చీకటిలో వెండి రంగు టేపును మీరైనా నేనైనా చూసేవాళ్లమని నేను అనలేను. మృతుల మీద తీర్పు చెప్పడం మన పని కాదు. మీలో ప్రతి ఒక్కరూ కాపరులే, ప్రతి ఒక్కరూ తన మందను గురించి ప్రశ్నించబడతారని బుఖారీ, ముస్లింలలో ఉన్న హదీసు మీకు తెలుసు. కాపరులు నలుగురున్నచోట ఒక్కొక్కడు మిగతా ముగ్గురిని నమ్ముకుంటాడు, మందను తోడేలు తీసుకుపోతుంది.

ఇంకొక సంఘటన ఉంది. ఇది చీకటి వల్ల జరిగినది కాదు, అలవాటు వల్ల జరిగినది. 2014 మే 31న అమెరికాలోని బోస్టన్ సమీపాన బెడ్‌ఫర్డ్ అనే చోట ఒక చిన్న గల్ఫ్‌స్ట్రీమ్ విమానం రన్‌వే చివర దాటి దూసుకుపోయి మంటలలో కాలిపోయింది. 7 మంది చనిపోయారు. నిలిపి ఉంచినప్పుడు గాలికి రెక్కల మీటలు కొట్టుకోకుండా బిగించే తాళం ఒకటి ఉంటుంది. దాన్ని తీయకుండానే విమానాన్ని పరుగెత్తించారు. మీటలను అటూ ఇటూ పూర్తిగా కదిలించి చూస్తే, తాళం ఉన్న సంగతి కొన్ని క్షణాలలో తెలిసిపోయేది. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఆ విమానపు పాత రికార్డులు తీయించింది. అంతకు ముందటి 175 ప్రయాణాలలో 98 శాతం సార్లు ఆ పరీక్ష పూర్తిగా జరగనే లేదు. ఆ పైలట్లు అనుభవం లేనివారు కారు. ఏళ్ల తరబడి కలిసి విమానం నడిపినవారు. ఒకరినొకరు బాగా ఎరిగినవారు. పరీక్ష చేయకపోయినా అన్నిసార్లు ఏమీ కాలేదు. ఏమీ కాని ప్రతిసారీ ఆ పరీక్ష కొంచెం కొంచెం అనవసరంగా కనబడింది.

గడువును ఆమోదంగా పొరబడడం అంటే ఇదే. సూరా ఆరాఫ్ 182, 183 ఆయతులలో, తన సూచనలను అబద్ధమన్నవారికి తాను గడువిస్తూ, వారికి తెలియకుండానే మెల్లమెల్లగా దించుకుపోవడాన్ని అల్లాహ్ ప్రస్తావించాడు. అవి తిరస్కారుల గురించినవి, నిజమే. అయినా ఫజ్ర్ నమాజు పోయిన ఉదయం కూడా సూర్యుడు మామూలుగానే ఉదయిస్తాడు, దుకాణంలో బేరాలు మామూలుగానే జరుగుతాయి. మరుసటి ఉదయం అలారం ఆపడం మరింత తేలికవుతుంది. విశ్వాసి భయపడవలసినది ఆ తేలికదనానికే.

మనలో ఎందరో శంషాబాద్ నుండి గల్ఫ్‌కు పోతుంటారు, అల్లాహ్ అనుగ్రహించినవారు హజ్‌కు, ఉమ్రాకు పోతుంటారు. సీటులో కూర్చోగానే సూరా జుఖ్రుఫ్‌లోని సవారీ దుఆ చదువుకుంటాము. చదవాలి. ఆ సమయంలో కింద ఎవరో ఒక మనిషి టార్చిలైటుతో చక్రాలు చూస్తుంటాడు. అతని పేరు మనకు తెలియదు. ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (స) చెప్పిన హదీసు తిర్మిజీలో ఉంది. మన ఒంటెను ఆ మనిషి కడుతున్నాడు.

మన ఒంటె ఎవరి చేతిలోనో ఉన్నట్లే, ఇతరుల ఒంటె తాళ్లు మన చేతుల్లో ఉన్నాయి. ఈ మసీదులోనే లారీ నడిపేవారున్నారు, మెకానిక్కులున్నారు, కరెంటు పని చేసేవారున్నారు, మందుల దుకాణంలో కూర్చునేవారున్నారు. చక్రం నట్లు బిగించి, చేతితో మరొకసారి లాగి చూశారా? వైరు కలిపాక టేపు చుట్టారా, లేక మంచం కింద ఎవరు చూస్తారులే అని వదిలేశారా? డాక్టరు రాసిన చీటీలో అక్షరం అర్థం కాకపోతే ఫోను చేసి అడిగారా, లేక ఊహించి మాత్రలు ఇచ్చారా? జీతం ఇచ్చేవాడు చూడడు. కొనేవాడికి తెలియదు.

నేను మీకు ఈ మాటలు చెప్పడానికి తగినవాణ్ణో కాదో వినండి. ఒక రమజానులో బైతుల్ మాల్ తరఫున పేద ఇళ్లకు సరుకులు పంచాము. జాబితా ఒక సోదరుడు రాశాడు, మరొకరు పంచారు. చివర సరిచూడబడినది అన్న మాట కింద సంతకం నాది. ఇషా వేళ దాటుతున్నది, తరావీహ్‌కు జనం నిలబడుతున్నారు. నేను పేజీలు తిరగేశాను, చదవలేదు, సంతకం చేశాను. పాత పుస్తకం నుండి కొత్త పుస్తకంలోకి పేర్లు ఎక్కించేటప్పుడు ఒక పేజీ చివరి పేరు జారిపోయింది. అది ఒక వితంతువు ఇల్లు. పండుగ తరువాత వేరే పని మీద అటు వెళ్లి, ఖాలా, సరుకులు సరిపోయాయా అని అడిగాను. ఆమె కొంచెం ఆగి, ఈసారి మాకన్నా అవసరమైనవాళ్లు ఉన్నారేమో అనుకున్నాను ఇమామ్ సాబ్, అన్నది. నెల రోజులు ఆమె అలా అనుకుంటూ గడిపింది. నన్ను అడగలేదు. ఆమె మాఫీ చేసింది. నా సంతకం మాత్రం ఆ పుస్తకంలో అలాగే ఉంది.

ఆ తరువాత నాకు ధైర్యమిచ్చినది జుల్ యదైన్ (రజి) సంఘటన. బుఖారీలో ఉంది. ఒకసారి దైవప్రవక్త (స) నాలుగు రకాతుల నమాజును రెండు రకాతులకే ముగించారు. వరుసలలో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) ఉన్నారు. ప్రవక్తపై ఉన్న గౌరవభావం వల్ల వారు నోరు విప్పడానికి సంకోచించారు. జుల్ యదైన్ అనే వ్యక్తి లేచి, నమాజు తగ్గించబడిందా లేక మీరు మరచారా అని అడిగారు. రెండూ జరగలేదని ప్రవక్త (స) అన్నారు. కాని తనకు తోచినదాని దగ్గరే ఆగిపోలేదు. అక్కడున్నవారి వైపు తిరిగి, ఇతను చెప్పేది నిజమేనా అని అడిగారు. నిజమేనన్నారు. ఆయన మిగిలిన రకాతులు పూర్తి చేసి, మరుపు తాలూకు రెండు సజ్దాలు చేశారు. వహీ అందుకునే మహనీయుడు కూడా ప్రజలలో నుండి సాక్ష్యం కోరారు. అడిగినవాడిని గద్దించలేదు. మన ఇళ్లలో, మన దుకాణాలలో, మన మసీదు కమిటీలలో అలా అడిగే చిన్నవాడికి చోటు ఉన్నదా? అన్నా, ఈ నట్టు వదులుగా ఉంది అని కుర్రవాడు అంటే, నీకేం తెలుసురా అని అనకుండా వంగి చూసే ఉస్తాదులు మనలో ఎందరు?

వచ్చే నెల నుండి బైతుల్ మాల్ జాబితాను నేను సంతకం చేసే ముందు ఇద్దరు యువకులు పాత పుస్తకంతో పోల్చి పైకి చదువుతారు. కమిటీ పెద్దలు అంగీకరించారు. మసీదు మిద్దె మీది నీళ్ల ట్యాంకు మెట్లనూ, మీటరు పక్కనున్న పాత వైర్లనూ ఈ ఆదివారం అసర్ తరువాత చూడబోతున్నాము. కరెంటు పని తెలిసిన సోదరులు రావలసిందిగా కోరుతున్నాను.

యా అల్లాహ్! మేము చూడక వదిలేసిన వాటి వల్ల నీ దాసులలో ఎవరికైనా నష్టం కలిగి ఉంటే, మేము బ్రతికి ఉండగానే దాన్ని మాకు చూపించు, తీర్చే శక్తినివ్వు. మా లోపాన్ని మాకు చెప్పేవారిని మా మధ్య ఉంచు, వారి మాట వినే చెవులను మాకు ప్రసాదించు. ప్రయాణాలలో ఉన్న మా సోదరులను, వారి కోసం రాత్రిళ్లు మేల్కొని పనిచేసేవారిని నీ రక్షణలో ఉంచు. ఆమీన్.